కాకరమేట కొలత

వరద తీసిన పదోరోజు
మల్లాడి పోలయ్య నావలో
నేనూ, సర్వేయరు గారూ, తుప్పుపట్టిన గొలుసూ
పాల క్యాన్ల మధ్య ఖాళీ చూసుకుని కూర్చున్నాం.
గొలుసు లాగడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్ళుగా ఈ లంకని కొలుస్తున్నాను,
పోయినేటి అంకె ఒక్క ఏడూ మళ్ళీ రాలేదు.

పైకొన కోసుకుపోతుంది.
కిందికొన మేటేస్తుంది.
మధ్యలో ఊరు,
పొయ్యి మీద అన్నం చల్లారకుండా
కొంచెం కొంచెం కిందికి జరుగుతుంటుంది.
రాముడి గుడి మూడుసార్లు మారింది, బడి రెండుసార్లు.
నల్లి రాఘవులు ఇంటి తలుపులు మాత్రం అవే.
ఇప్పుడున్నది వాటికి నాలుగో ఇల్లు.

"నూట పద్నాలుగు ఎక్కడోయ్?" అన్నారు సర్వేయరు గారు.
రాఘవులు ఏట్లోకి వేలు చూపించాడు.
దొండపాదు రాట ఒకటి నీళ్ళలో వాలి వణుకుతోంది,
దాని మీద ఓ నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది.
"శిస్తు నేను కడతన్నానండి, చేపలు మేస్తన్నాయండి."
కాగితం మీద 'నదీగర్భం' అని రాసుకున్నారాయన.
ఆ మాట చదివించుకుని రాఘవులు నవ్వాడు:
"గర్భమైతే కంటదేమో, కిందికొనకెళ్ళి చూద్దారండి."

కనింది, నిజంగానే.
ఎకరం పైచిలుకు, ఇంకా ఆరని ఒండ్రు.
కాలేస్తే చీలమండ దాకా మింగి
అయిష్టంగా వదులుతోంది.
నలుగురు రైతులు అప్పటికే నాలుగు కర్రలు పాతారు.
ఎవరి కర్ర ముందు దిగిందో చెప్పమంటే
పోలయ్య ఏటివైపు తిరిగి చుట్ట ముట్టించుకున్నాడు.

అప్పుడొచ్చింది కత్తుల పండమ్మ.
మిరపకోతలకి కొండ మీంచి కూలికొచ్చి
ముప్పయ్యేళ్ళ కిందట ఇక్కడే మనువాడి ఉండిపోయిన మనిషి.
ఏ ఊరమ్మా అంటే
ఎగువకి చెయ్యి ఊపుతుంది, అంతే.
వంగి గుప్పెడు ఒండ్రు తీసి
వేళ్ళ మధ్య పిండి, నాలిక్కి అద్దుకుంది.
"ఇది మాదండి."

ఘొల్లుమన్నారు కర్రల వాళ్ళు.
"పట్టా ఎవరిచ్చారే నీకు?"
"పట్టా కాదు బాబూ, మట్టి.
ఈ ఎర్రన మా పోడుగట్టుది.
ఈ మెరుపు, మేం నీళ్ళు ముంచుకునే ఊటకాడి రాయిది.
మా అయ్య జొన్న జల్లింది దీన్లోనే.
వానొచ్చినప్పుడల్లా జారిపోతంటే
గడపలో కూకుని అడిగేవోడు,
ఎటుపోతందే ఇదంతా, అని.
ఇదుగో. ఇటు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
జాలిపడి కాదు, జవాబు తోచక.
గొలుసు కొస చేతిలో చెమటకి జారుతోంది.
ఇన్నేళ్ళూ నేను నడిచింది లంక మీదనా,
పొడిపొడిగా దిగొచ్చి
ఇక్కడ వెల్లకిలా పడుకున్న కొండ మీదనా?

"సెంటు భూమడగను.
ఆ పటంలో కొండని రాయండి, చాలు."
"బల్లపరుపు నేలమ్మా, కొండెక్కడుంది?" అని
సర్వేయరు గారు 'ప్రభుత్వ పోరంబోకు' అని రాసి
కలం మూత పెట్టేశారు.
నలుగురూ తిట్టుకుంటూ కర్రలు పీక్కున్నారు.
పండమ్మ చేతులు ఏట్లో కడుక్కోలేదు,
కొంగుకి తుడుచుకుంది.

నావెక్కాక పటం నాకిచ్చి మడతపెట్టమన్నారు.
మడత లోపల, పెన్సిలుతో,
గోరంత త్రికోణం ఒకటి గీశాను.
ఉద్యోగంలో నేను దొరికిపోయిన తప్పు అదొక్కటే.

ఆర్నెల్లకి అమలాపురం ఆఫీసు నుంచి పిలుపు.
పటం మీద భూతద్దం పెట్టుకుని
హెడ్డు గుమాస్తా తలెత్తకుండా అడిగాడు:
"ఏంటోయ్ ఇది, మూడూళ్ళు కలిసే రాయా?"
"కాదండి. కొండండి."
"లంకలో కొండా? ఎత్తెంత?"

"మోకాలి దాకా అండి.
వరదకి మారతా ఉంటదండి."